పన్నెండో చంద్రుడి ఆఖరి భాగం

ముందే చెప్తున్నాను, ఆ సీరియల్ని ఎవరైనా వెక్కిరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడంటే కుర్రకారంతా ఫోన్లలో చూసి ఆహా ఓహో అంటున్నారు గానీ, వచ్చిన రోజుల్లో 'పన్నెండో చంద్రుడు' పేరు చెబితే మా బందర్లో నవ్వని మనిషి లేడు. ఆదివారం సాయంత్రాలు వచ్చేది. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చంద్రుడి మీద నలభై మంది చిక్కుబడిపోతారు. భూమి ఉందో పోయిందో వాళ్ళకి తెలీదు. అక్కడి రాళ్ళన్నీ థర్మోకోల్. నౌక తలుపు తీస్తే వెనకాల స్టూడియో ఫ్యాను తిరుగుతూ కనపడేది. వాళ్ళు తలకి పెట్టుకున్నవి మంచినీళ్ళ కూజాలేనని మా నాన్న పట్టేసి, తను పనిచేసే కరెంటాఫీసులో అందరికీ చెప్పి నవ్వించాడు.

మేం ముగ్గురు పిల్లలం మాత్రం కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. పెద్దక్క కుసుమకి పదిహేడేళ్ళు, ఇంటర్ చదివేది. నాకు పదకొండు. తమ్ముడు శేషుకి ఆరు. మా వీధిలో టీవీ ఉన్నది మా ఇంట్లోనే కాబట్టి, ఆదివారం వచ్చిందంటే వీధిలో పిల్లలంతా మా హాల్లో చాప మీద ఉండేవాళ్ళు. పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎగతాళి చేస్తూనే ఆఖరిదాకా చూసి వెళ్ళేవాళ్ళు.

ఆ చంద్రుడి మీద ఒక గుహ, గుహలో ఒక ఇనుప తలుపు. దాని వెనకాల ఏముందో ఎవరికీ తెలీదు. తెరవాలా వద్దా అని వారాల తరబడి కొట్టుకుచస్తారు. పన్నెండో భాగం చివర పంతులమ్మ వైదేహి వెళ్ళి ఆ తలుపు మీద చెయ్యి వేస్తుంది, అక్కడ ఆపేశారు. పదమూడోది ఆఖరి భాగం. సరిగ్గా ఆ ఆదివారమే తుఫాను వచ్చింది.

మరుసటి ఏడు కుసుమక్క పచ్చకామెర్లతో పోయింది. పసరు పోయించాం, పథ్యం పెట్టాం, గుంటూరు తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. దానికి సీతాఫలాలంటే ప్రాణం. అది పోయిన రోజు నుంచీ అమ్మ సీతాఫలం ముట్టలేదు. ఎవరైనా తెచ్చినా వీధిలో పిల్లలకి పంచేసేది. మేమూ ఆవిడ ఎదురుగా తినడం మానేశాం.

ఇది జరిగి ముప్పై అయిదేళ్ళు. నేనిప్పుడు విశాఖలో ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతాను, అందుకే నా గొంతు మామూలుగానే పెద్దది. నాన్న లేరు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. శేషు కూడా ఈ ఊళ్ళోనే, మెదడు మీద పరిశోధనలు చేసే ఒక లేబొరేటరీ నడుపుతున్నాడు. వాడు ఆ దారి పట్టడానికి ఆ సీరియలే కారణమని ఎక్కడ మైకు ఇచ్చినా చెబుతాడు.

పోయినేడు ఎవరో మహానుభావుడు అటక మీద వీడియో క్యాసెట్లు దొరికాయని పన్నెండు భాగాలూ ఇంటర్నెట్లో పెట్టాడు. ముందు కూజాలని చూసి నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేసి చూడటం మొదలుపెట్టారు. అమ్మా, శేషూ, నేనూ ఒక ఆదివారం కూర్చుని మొదటి నుంచీ చూశాం. నాకు లోపల భయంగానే ఉంది, చిన్నప్పుడు తిన్న మిఠాయి ఇప్పుడు తింటే ఉత్త పంచదార అనిపిస్తుంది కదా. అలా కాలేదు. థర్మోకోల్ థర్మోకోల్‌లాగే ఉంది గానీ, ఆ మనుషులు మాట్లాడుకునే తీరు చూస్తే ముచ్చటేసింది. నీళ్ళ పంపకం దగ్గర రెండు కుటుంబాలు దెబ్బలాడుకునే భాగం ఒకటుంది. మా స్టాఫ్ రూములో కూడా అంత సహజంగా దెబ్బలాడుకోరు. అప్పట్లో ఇంత మంచి సీరియల్ని పట్టుకుని ఎంత అన్యాయంగా మాట్లాడారో అని శేషు బాధపడ్డాడు.

పదమూడో భాగం మాత్రం ఎక్కడా లేదు. ఆ రోజు తుఫాను వార్తల కోసం సీరియల్ ఆపేశారని, తర్వాత వేయనేలేదని, ఆ టేపు మీద ఇంకేదో రికార్డు చేసేశారని అభిమానులు రాస్తున్నారు. నాకు తిక్క పుట్టింది. మేం చూశాం. బందర్లో, మా ఇంట్లో, నాన్న తెచ్చిన లారీ బ్యాటరీ మీద టీవీ పెట్టుకుని చూశాం. తలుపు తెరుచుకుంటుంది, వెనకాల ఆకుపచ్చ సముద్రం. వైదేహి అడుగేస్తుంటే నీళ్ళు వెనక్కి జరుగుతూ దారి ఇస్తాయి, దూరంగా లైట్‌హౌస్ వెలుగుతుంది. ఇదంతా కామెంట్లలో రాశాను. ఒక కుర్రాడు "ఆంటీ, కలగని ఉంటారు" అన్నాడు. వాడితో రెండు రోజులు పోట్లాడాను. శేషు కూడా నా పక్కనే నిలబడి పోట్లాడాడు, వాడి పేరు ముందు డాక్టర్ ఉంది కాబట్టి వాడి మాట కొందరు నమ్మారు.

ఆ పోట్లాటలోంచే వాడికి ఆలోచన వచ్చింది. వాడి లేబొరేటరీలో తయారు చేసిన యంత్రాన్ని వాళ్ళు ముద్దుగా 'చేద' అంటారు. బావిలోంచి నీళ్ళు తోడినట్టు మనిషి తలలోంచి చూసినదాన్ని తోడుతుంది. మనం ఏదైనా తలుచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం గట్టిగా ఉండదట. బెల్లం అచ్చు పాకంలో కరిగినట్టు కరిగి, తలుచుకోవడం అయ్యాక మళ్ళీ గట్టిపడుతుందట. ఆ కరిగి ఉన్న కాసేపట్లో చేద దాన్ని బొమ్మలుగా తీసేసుకుంటుంది. తీసుకున్న మేరకు మళ్ళీ గట్టిపడదు, అంటే ఇచ్చినవాడికి అది ఇక ఉండదు.

ఈ సంగతి శేషు దాచలేదు. అందరికీ చెప్పే కూర్చోబెట్టేవాడు. వాడి దగ్గర పనిచేసే మెహర్ అనే అమ్మాయి ఎనిమిదిసార్లు చూసిన సినిమాని చేదకి ఇచ్చేసి, తొమ్మిదోసారి మొదటిసారిలా చూసి ఇంటర్వెల్ దగ్గర వెక్కివెక్కి ఏడ్చిందట. లేబొరేటరీ అంతా పడీపడీ నవ్వారు. ఇష్టమైనదాన్ని మళ్ళీ కొత్తగా చూడటం కూడా ఒక అదృష్టమేనని శేషు అనేవాడు. నేనూ ఒప్పుకున్నాను. ఒక టీవీ ఎపిసోడ్ తలలోంచి పోతే ఏం పోయింది, అది తిరిగి తెర మీదకి వస్తుంటే?

ఒక్క మనిషి జ్ఞాపకం అలుక్కుపోయినట్టు ఉంటుందట. ఒకే గదిలో చూసిన ముగ్గురివి తీసుకుంటే, కలిసినచోటల్లా బొమ్మ తేటగా వస్తుంది. మాటలు కూడా ఇద్దరికి పైన ఇస్తే గానీ వినపడవు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో మిగిలింది అమ్మ, నేను, శేషు. వీధిలో మిగతా పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. పదమూడో భాగం వస్తే చేద పేరు దేశమంతా తెలుస్తుంది, పైగా ఆ కామెంట్ల కుర్రాడి నోరు మూతపడుతుంది. నాకు ఈ రెండోదే ముఖ్యం.

ముందు శేషు కూర్చున్నాడు. తెర మీద బొమ్మ వచ్చినప్పుడు నేను దగ్గరికి జరిగాను. సముద్రం వచ్చింది, నేను చెప్పిన సముద్రమే. ఆకుపచ్చగా, ఏ అలికిడీ లేకుండా, అంచు పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు వెనక్కి జరుగుతోంది. మసకగా ఉంది, మాట వినపడట్లేదు, అయినా అదే. మెహర్ మాత్రం అలాగే చూస్తూ, కూజాలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళకి ఇంత సముద్రం తీయడానికి డబ్బెక్కడిదని అడిగింది. ఆఖరి భాగం కదా, ఉన్నదంతా దానికే పెట్టి ఉంటారని గదమాయించాను.

"బాగా వచ్చిందా అక్కా?" అని శేషు నన్ను అడిగాడు. బాగా వచ్చిందన్నాను.

మర్నాడు అమ్మ వంతు. తలకి నూనె రాసుకోవద్దంటే ముందు రోజు నుంచీ సణుగుతూనే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, తలకి టోపీ లాంటిది తగిలించి, తుఫాను నాటి సాయంత్రం టీవీ చూసిన సంగతి తలుచుకోమని శేషు చెప్పాడు. ఏ టీవీరా అని అమ్మ ఏదో అనబోయింది. మాట్లాడొద్దమ్మా, ఊరికే తలుచుకో చాలు అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. మొహం మెత్తబడింది. నేనూ మెహరూ తెర ముందు నిలబడ్డాం.

సముద్రం రాలేదు. మా బందరు ఇల్లు వచ్చింది. వంటింటి గుమ్మంలోంచి చూస్తే హాలు ఎలా ఉంటుందో అలా. చాప మీద వీధి పిల్లలంతా బిక్కచచ్చి కూర్చున్నారు, మధ్యలో రెండు జడలతో నేను, నా ఒళ్ళో శేషు. మా వెనకాల స్టూలు మీద లాంతరు. ఎదురుగా టీవీ నల్లగా ఉంది. గోడవార బ్యాటరీ ఉండాల్సినచోట రెండు వైర్లు ఉత్తినే పడున్నాయి. టీవీ పక్కన ఓణీ నడుముకి దోపుకుని మా పెద్దక్క నిలబడి ఉంది. ఆ నల్లటి అద్దం మీద వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెబుతోంది. వేలు కదిలినవైపల్లా పిల్లల తలలు కదులుతున్నాయి. గాలికి కిటికీ తలుపు కొట్టుకుంటే ఒక పిల్లాడు ఏడుపు మొహం పెట్టాడు. అక్క గబగబా చేతులు రెండూ చాచి, నీళ్ళు వెనక్కి నెడుతున్నట్టు నెట్టింది. ఆ పిల్లాడు ఏడుపు ఆపి టీవీ వంక చూశాడు.

గోడ పట్టుకున్నాను. ఆ సాయంత్రం టీవీ లేదు. నాన్న పొద్దున్నే ఆ బ్యాటరీని డ్యూటీ జీపుకి పట్టుకెళ్ళిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఉప్పెన వస్తుందని వీధి వీధంతా మా డాబా ఇంట్లో చేరింది. పిల్లలు సముద్రం వచ్చేస్తుందని ఏడుస్తుంటే, పెద్దక్క తన కథలో ఆ తలుపు తెరిచి, ఎవరినీ మింగని సముద్రాన్ని తీసింది. లాంతరు వెలుగు ఆ పాత టీవీ గాజులో పడి ఆకుపచ్చగా ఊగి ఉంటుంది. మర్నాటి నుంచీ పిల్లలందరం చూశాం చూశాం అని చెప్పుకున్నాం. చెప్పగా చెప్పగా నిజంగానే చూసినవాళ్ళమైపోయాం. ముప్పై అయిదేళ్ళ తర్వాత నేను ఊరందరితో దెబ్బలాడింది మా అక్క చెప్పిన కథ గురించి.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తెర మీద అది అంత దగ్గరగా, చెమట పట్టిన మొహంతో, ప్రాణంతో ఉంది. హాల్ టికెట్ కోసం తీయించుకున్న ఫోటో ఒక్కటే మిగిలింది దానిది, అందులో బిగుసుకుపోయి ఉంటుంది. అమ్మకి చూపించాలని తొందరపడిపోయాను. టోపీ తీయగానే చెయ్యి పట్టుకుని తెర దగ్గరికి తీసుకొచ్చాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఎవరే ఆ పిల్ల? ఎంత చక్కగా చెబుతోందో."

పరాచికాలాడుతోంది అనుకున్నాను. అమ్మా, కుసుమ అన్నాను. ఏ కుసుమ అంది. పెద్దక్క కుసుమ, నీ పెద్దకూతురు అనబోతుంటే శేషు నా భుజం గట్టిగా నొక్కాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మని మెహర్‌తో కాఫీకి పంపించి, ఏం జరిగి ఉంటుందో గొణుగుతూ చెప్పాడు. సినిమా జ్ఞాపకం దేనికీ అంటుకుని ఉండదు, తీస్తే ఒంటరిగా వచ్చేస్తుంది. అమ్మ మాత్రం ఈ ముప్పై అయిదేళ్ళూ అక్కని తలుచుకున్నప్పుడల్లా ఈ సాయంత్రం నుంచే మొదలుపెట్టి ఉంటుంది. అక్క గురించినవన్నీ దీనికే ముడిపడి ఉంటాయి. చేద దీన్ని లాగితే దీంతోపాటు అవన్నీ వచ్చేశాయి.

"అవన్నీ ఎక్కడున్నాయిరా మరి?" అన్నాను.

మేం అడిగింది ఆ సాయంత్రం ఒక్కటే కాబట్టి అదొక్కటే నిలిచిందని, మిగతావి చెదిరిపోయాయని చెప్పాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి ఎత్తాను కూడా. అప్పుడు వాడు, "అక్కా, నాకు మాత్రం తెలుసా" అన్నాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాడు నన్ను చిన్నక్కా అని పిలుస్తాడు. కుసుమ పెద్దక్క, నేను చిన్నక్క. అది పోయినా ఆ పిలుపు మారలేదు. వాడి పెళ్ళిలో కూడా మైకులో మా చిన్నక్క అన్నాడు. నిన్న ఆ కుర్చీలోంచి లేచిన దగ్గర్నుంచీ అక్కా అంటున్నాడు. నేను గమనించనేలేదు.

పెద్దక్క ఎలా ఉండేదిరా అని అడిగాను. ఫోటోలో చూశాను కదా అన్నాడు. ఫోటో కాదు, దాని నడుం ఎక్కి తిరిగేవాడివి, అది కలిపి పెట్టకపోతే అన్నం తినేవాడివి కాదు, అది గుర్తుందా అన్నాను. వాడు వెతుక్కున్నాడు. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తనకొక అక్క ఉండేదని, చనిపోయిందని వాడికి తెలుసు, చదువుకున్న పాఠంలాగా. అంతకు మించి ఉన్నదంతా నిన్న ఆ సముద్రంతోపాటే వచ్చేసింది. వాడు దుఃఖపడుతున్నది కూడా దాని కోసం కాదు, అది గుర్తు లేనందుకు. ఆ తేడా నాకు కనపడుతోంది, వాడికి కనపడదు.

ఇంటికి మాకంటే ముందు వాడే వెళ్ళి గోడ మీది ఫోటో తీసేశాడు. ఒక్కసారిగా తెలిస్తే అమ్మ తట్టుకోలేదని భయం. నాకు ఇష్టం లేకపోయినా నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో కూడా చెబుతాను. ఆ రాత్రి అమ్మ పడుకోగానే నిద్రపోయింది. నాకు తెలిసినంతలో ఆవిడ మాత్ర లేకుండా నిద్రపోవడం అదే మొదలు.

తర్వాత రోజుల్లో చూస్తూ ఉండిపోయాను. అమ్మ తేరుకుంది. పొద్దున్నే లేచి ముగ్గు పెట్టేది, కింది ఫ్లాటు ఆవిడతో నవ్వుతూ కబుర్లు చెప్పేది, నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ వృద్ధిలోకొచ్చారు, ఏ కష్టమూ లేని జన్మ నాది అనేది. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి బాల్కనీలో కూర్చుని సీతాఫలం తింటోంది. బండివాడి దగ్గర బుట్టెడు కొంది. గింజలు ఒక్కొక్కటే పళ్ళెంలో ఉమ్మేస్తూ, వేళ్ళు నాకుతూ, ఇన్నేళ్ళూ ఇంత రుచి ఎందుకు మర్చిపోయానే అని నన్నూ తినమంది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. కోపం ఎవరి మీదో తెలీదు. కన్నతల్లి సుఖంగా ఉంటే ఏడ్చే కూతుర్ని నేనే అయ్యుంటాను.

చూస్తూ చూస్తూ ఉంటే ఏదైనా కదులుతుందేమోనన్న ఆశతో శేషు ఆ బొమ్మని అమ్మ ట్యాబ్‌లో పెట్టి ఇచ్చాడు. ఏమీ కదల్లేదు గానీ, అమ్మ ఆ పిల్లకి అభిమాని అయిపోయింది. అన్నం తింటూ చూసేది, పడుకునే ముందు చూసేది. చాప మీద మేం కనపడుతున్నాం కదా, ఇల్లు మనదే కదా అంటే, అవును, వాళ్ళు మనింట్లోనే షూటింగు తీశారు కాబోలు, మీ నాన్న నాకు చెప్పి ఉండరు అంది. ఆ సీరియల్లో అందరికంటే ఈ పిల్లే బాగా చేసిందని, తర్వాత ఎందులోనూ ఎందుకు వేషాలు రాలేదో అని వాపోయేది. మాట వినపడట్లేదు, అదేం చెబుతోందో వినాలని ఉందని రోజూ అనేది.

శేషు ఆ మాట పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను కూడా ఇస్తే మాటలు కుదురుకుంటాయి. అక్క గొంతు వినపడితే అమ్మలో ఏ మూలైనా మిగిలిన ముక్క అతుక్కోవచ్చు. ఖాయంగా చెప్పలేను, కానీ వేరే దారి లేదు అన్నాడు. వాడు చిక్కి సగమయ్యాడు. లేబొరేటరీకి తాళం వేసేశాడు, చేదని కొంటామని వచ్చిన కంపెనీ వాళ్ళని వెళ్ళగొట్టాడు. వాడు పేరు కోసం అడగట్లేదని నాకు తెలుసు.

రాత్రంతా ఆలోచించలేదు, అక్కడికక్కడే కాదన్నాను. పెద్దక్క ఎడమ చేత్తో రాసేది. ఇస్త్రీ చేసిన ఓణీ నేను కట్టుకుంటే జుట్టు పట్టుకుని వంగదీసి కొట్టేది. జ్వరంలో కూడా నా లెక్కల పుస్తకం దిద్దింది. ఇవి ఇప్పుడు భూమ్మీద నా ఒక్కదాని తలలోనే ఉన్నాయి. నా ముడి ఎక్కడుందో నాకేం తెలుసు? ఆ సాయంత్రాన్ని లాగితే ఇవీ వచ్చేస్తే, అప్పుడు తెర మీద ఉన్న పిల్ల ఎవరి పిల్లా కాదు. అభిమానులు చూసి చప్పట్లు కొట్టే ఒక బొమ్మ, అంతే. శేషు తల వంచుకుని విన్నాడు. అమ్మకి నిజం చెప్పేద్దామా అని అడిగాడు. చెబితే ఏం జరుగుతుందో మా ఇద్దరికీ తెలుసు. గుర్తు లేని కూతురు చచ్చిపోయిందని డెబ్బై మూడేళ్ళ మనిషికి కొత్తగా చెప్పడమే. చెప్పకపోతే ఆవిడ హాయిగా ఉంటుంది. నీ ఇష్టం అక్కా అని వాడు వెళ్ళిపోయాడు.

చెప్పకూడదనే అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ గుత్తొంకాయ కూర చేసింది. తిన్నాక ట్యాబ్ ముందు పెట్టుకుని కూర్చుంది. శేషుకి తెలిసినవాళ్ళు ఉంటారు కదా, ఈ పిల్ల చిరునామా కనుక్కోమను, ఇప్పుడు పెద్దదై ఉంటుంది, పిల్లాపాపలతో ఉంటుంది, ఒకసారి భోజనానికి పిలుద్దాం అంది. ఊరికే అనలేదు. వచ్చే ఆదివారమైతే బాగుంటుందని, చీర పెట్టాలని, ఏ రంగైతే నప్పుతుందో అని తెర మీద దాని మొహం వంక పరీక్షగా చూస్తోంది. చామనఛాయ కదా, ముదురు పసుపు బాగుంటుందేమో అంది.

ఇక నావల్ల కాలేదు. చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, ఆ పిల్ల నీ కూతురు. నీ పెద్దకూతురు కుసుమ. ఆ మరుసటి ఏడు పచ్చకామెర్లతో చచ్చిపోయింది. నువ్వు మర్చిపోలేదు, మేమే నీ తలలోంచి తీసేశాం."

అమ్మ నా మొహంలోకి చూసింది. అబద్ధం కాదని తెలిసిపోయింది, ఎంతైనా నన్ను కన్నది కదా. ఏడవలేదు. ఏడవడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు. దాచిన ఫోటో తెచ్చి చేతిలో పెట్టాను. దాన్ని చూసింది, తెర వంక చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. నేను చెప్పుకుంటూ పోయాను. ఎడమ చెయ్యి సంగతి, ఓణీ సంగతి, సీతాఫలాల సంగతి, నాకు తెలిసినదంతా. పరాయివాళ్ళ పిల్ల గురించి వింటున్నట్టు మర్యాదగా వింది. మధ్యలో వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది, పొద్దున కూడా సీతాఫలం తింది మరి. కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత బొమ్మని మళ్ళీ మొదటికి తిప్పింది. అక్క చేతులు చాచి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. అమ్మ వంగి, వేలితో తెర మీద దాని పొట్ట దగ్గర తాకింది.

"ఇంతసేపూ నిలబడే ఉందే ఇది," అంది. "ఇంటి నిండా జనం, పిల్లలు. అందరికీ వడ్డిస్తూ ఉండి ఉంటాను. ఆ రాత్రి దీనికి అన్నం పెట్టానా నేను?"

గుర్తు చేసుకోవాలని చూశాను. ఒళ్ళంతా కూడదీసుకుని చూశాను. ఆ సాయంత్రం నుంచి నా దగ్గర ఉన్నది ఆకుపచ్చ సముద్రం, దారి ఇచ్చిన నీళ్ళు, దూరాన వెలిగే లైట్‌హౌస్. ఎంత వెతికినా ఆ సముద్రం పక్కన మా అక్క లేదు. అమ్మ నా సమాధానం కోసం చూస్తోంది.

"తెలీదమ్మా," అన్నాను. "నేను టీవీ చూస్తున్నాను."